వసతి బడి మార్కుల కార్డు: పావగడ తెలుగు ఇళ్లకు కొన్ని వివరాలు

మన తాలూకాలో ఐదో తరగతి పూర్తవుతూనే పిల్లల్ని వసతి బడికి పంపే ఇళ్లు చాలా ఉన్నాయి. కొందరు మొరార్జీ దేశాయి, కిత్తూరు రాణి చెన్నమ్మ వసతి శాలలకు పంపుతారు, కొందరికి నవోదయలో సీటు వస్తుంది, ఇంకొందరు సరిహద్దు దాటి హిందూపురం, అనంతపురం వైపు ప్రైవేటు హాస్టళ్లలో చేర్చుతారు. దసరా సెలవులకు పిల్లలు ఇంటికొచ్చేసరికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఒకరి కార్డులో ఏ ప్లస్, ఇంకొకరిదాంట్లో ఏ1, మూడోవారిదాంట్లో 600కి ఇన్ని అని ఉంటుంది. పక్కింటివాళ్లతో పోల్చడం అక్కడే మొదలవుతుంది. ఈ మూడు కాగితాలు మూడు వేరువేరు కొలతలు. అవి ఏం కొలుస్తున్నాయో తెలియకుండా పోల్చితే పిల్లకు అన్యాయం జరుగుతుంది. కొన్నిసార్లు ఆ పోలిక పట్టుకుని తీసుకున్న నిర్ణయం తర్వాత కాలేజీ సీటు దగ్గర అడ్డం తిరుగుతుంది కూడా.

కర్ణాటక బోర్డు లెక్క

మొరార్జీ, చెన్నమ్మ, అంబేద్కర్, ఏకలవ్య, ఇందిరా గాంధీ వంటి పేర్లతో నడిచే ప్రభుత్వ వసతి శాలలు ఎక్కువగా కర్ణాటక వసతి విద్యాసంస్థల సంఘం కింద ఉన్నాయి. దాన్ని అందరూ క్రైస్ అంటారు. ఆరో తరగతిలో చేరడానికి కర్ణాటక పరీక్షా ప్రాధికారం 100 మార్కుల ప్రవేశ పరీక్ష పెడుతుంది. బోధన ఇంగ్లీషు మాధ్యమం, పదో తరగతి చివర రాసేది మామూలు ఎస్సెస్సెల్సీయే. పావగడ రెవెన్యూ పరంగా తుమకూరు జిల్లాలో ఉన్నా విద్యాశాఖ లెక్కలో మధుగిరి శైక్షణిక జిల్లాలో ఉంది. కాబట్టి ఫలితాల రోజు పేపర్లో మన పిల్లల శాతం చూడాలంటే తుమకూరు వరుస కాదు, మధుగిరి వరుస చూడాలి. ఏటా ఈ పొరపాటు చేసి బాధపడేవాళ్లు, సంబరపడేవాళ్లు ఇద్దరూ ఉంటారు.

ఎస్సెస్సెల్సీ మొత్తం 625 మార్కులు. ప్రథమ భాషకు 125, మిగిలిన ఐదు సబ్జెక్టులకు ఒక్కోదానికి 100. ఇందులో రాత పరీక్షవి 500. ప్రథమ భాషలో 25, మిగతావాటిలో ఇరవయ్యేసి చొప్పున 125 మార్కులు అంతర్గత మూల్యాంకనానివి. ఏడాది పొడవునా బడిలో పెట్టే ఎఫ్‌ఏ పరీక్షలు, కృత్యాలు, ప్రాజెక్టుల నుంచి అవి వస్తాయి. ఎఫ్‌ఏ అంటే కన్నడంలో రూపణాత్మక మూల్యాంకనం, ఆంధ్రలో నిర్మాణాత్మక మూల్యాంకనం. పేరు మారినా పని ఒకటే. ఏడాది చివర మూడు గంటల్లో ఏం రాశాడన్నది కాకుండా ఏడాదంతా ఏం చేశాడన్నది చూడడానికి పెట్టినవి.

ఇక శ్రేణుల సంగతి. 531, ఆపైన వస్తే డిస్టింక్షన్. 375 నుంచి 530 వరకు ప్రథమ శ్రేణి. 313 నుంచి 374 వరకు ద్వితీయ శ్రేణి. దీనికి తోడు గ్రేడులున్నాయి. 90 శాతం పైన ఏ ప్లస్, 80 పైన ఏ, 70 పైన బీ ప్లస్, 60 పైన బీ, 50 పైన సీ ప్లస్, అంతకు దిగువ పాసైనవాళ్లకు సీ. ఈ రెండు నిచ్చెనల మెట్లు ఒకచోట కలవవు. 540 వచ్చిన అమ్మాయికి డిస్టింక్షన్ ఉంటుంది, కానీ గ్రేడు ఏ మాత్రమే. 510 వచ్చిన అబ్బాయికీ గ్రేడు ఏ, కానీ అతను ప్రథమ శ్రేణి. ఇద్దరి కార్డులోనూ ఏ అని ఉంది కదా అని సమానం అనుకుంటే ముప్ఫై మార్కులు కనబడకుండా పోతాయి. ప్రతిభా పురస్కారాలు ఇచ్చే కుల సంఘాలు, సహకార సంఘాలు కొన్ని 85 శాతం అంటాయి, కొన్ని 90 అంటాయి. అర్జీ నింపేటప్పుడు గ్రేడు కాదు, మొత్తం మార్కులు చూడాలి.

పాసయ్యే గీత ఈమధ్య కిందికి జరిగింది. ఇదివరకు 35 శాతం. 2025 అక్టోబరులో ప్రభుత్వం ప్రకటించిన మార్పు ప్రకారం 2025-26 నుంచి మొత్తం మీద 33 శాతం, అంటే 625కి 206 రావాలి, ఒక్కో సబ్జెక్టులో కనీసం 30 ఉండాలి. దీనివల్ల తప్పేవాళ్లు తగ్గుతారు, అంతవరకు మంచిదే. కానీ గీత తగ్గినంతలో పీయూసీ సైన్సులో పాఠం తేలికవదు.

2024 ఫలితాలు గుర్తుంచుకోవలసినవి. ఆ ఏడాది పరీక్ష గదుల్లో వెబ్‌కాస్టింగు కెమెరాలు పెట్టారు. 2023లో 83.89 శాతం ఉన్న ఉత్తీర్ణత 73.40కి పడింది. అదీ కృపాంకాలను 20 శాతానికి పెంచాక వచ్చిన సంఖ్య. అదే 2024లో రాష్ట్రంలో 625కి 625 తెచ్చుకున్నది బాగల్‌కోటె జిల్లా ముధోళ తాలూకా మెళ్లిగేరి మొరార్జీ దేశాయి వసతి శాల విద్యార్థిని. వసతి శాల అంటే దిక్కులేనివాళ్ల బడి అని ఇంకా అనుకునే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు, అందుకే ఈ మాట రాస్తున్నాం.

పరీక్ష కూడా ఇప్పుడు ఒక్కసారితో అయిపోదు. 2023-24 నుంచి పరీక్ష-1, పరీక్ష-2 అంటూ ఒకటికి మించి పెడుతున్నారు. ఎందులో ఎక్కువ వస్తే ఆ మార్కులే నిలుస్తాయి. పాసైన పిల్లలు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయవచ్చు. 520 దగ్గర ఆగిన పిల్లకు డిస్టింక్షన్ కోసం ఇంకో అవకాశం ఉందని ఇంట్లో ఎవరికీ తెలియక వదిలేసిన సందర్భాలు ఉంటాయి.

125 మార్కుల కన్నడం

మన ఇళ్లకు ప్రత్యేకంగా సంబంధించిన విషయం ఇది. తెలుగును ప్రథమ భాషగా తీసుకుని ఎస్సెస్సెల్సీ రాయడానికి కర్ణాటక బోర్డులో వీలుంది, పాఠ్యపుస్తకాలూ ఉన్నాయి. అయితే బడిలో తెలుగు పంతులు ఉండాలి. 2015 కన్నడ భాషా కలికా చట్టం 2017-18 నుంచి ఒక్కో తరగతిగా అమలవుతూ వచ్చింది. దాని ప్రకారం కన్నడం ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో తప్పదు. వసతి శాలల్లో చాలావరకు ప్రథమ భాష కన్నడమే. అంటే మొత్తం మార్కుల్లో అయిదో వంతు, ఇంట్లో మాట్లాడని భాషలో ఉంటుంది.

మన పిల్లలకు కన్నడం రాదని కాదు. వీధిలో, బస్సులో, బడిలో ఆడుతూ పాడుతూ నేర్చేసుకుంటారు. చిక్కు రాతలో వస్తుంది. రెండు లిపులూ అక్కచెల్లెళ్ల వంటివి కాబట్టి చేయి తొందరలో తెలుగు తలకట్టు పడిపోతుంది. అంతకంటే పెద్దది వ్యాకరణం. తెలుగులో ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, రెండింటికీ ఒకే క్రియ. కన్నడంలో అవళు బందళు, బస్సు బంతు. తెలుగు ఇంటి పిల్ల వేగంగా రాస్తూ అవళు బంతు అని పెడుతుంది. మాట్లాడేటప్పుడు స్నేహితులు నవ్వి ఊరుకుంటారు, పరీక్ష పేపరు దిద్దే పంతులు ఊరుకోడు. వ్యాసంలో, ఉత్తరంలో, పద్యభావంలో ఇలాంటివి పది పడితే నాలుగైదు మార్కులు పోతాయి. పాలు హాలుగా, పులి హులిగా మారడం ఎనిమిదేళ్ల పిల్లకు కూడా తెలుసు. క్రియ చివర లింగం మారాలన్నది మాత్రం ఎవరో కూర్చోబెట్టి చెప్పాలి.

ప్రథమ భాషలో 120 తెచ్చుకున్నవాడికీ 95 తెచ్చుకున్నవాడికీ తేడా 25 మార్కులు, మొత్తంలో నాలుగు శాతం. గణితంలో ట్యూషను పెట్టించే ఇల్లు కన్నడం సంగతి పట్టించుకోదు, మాట్లాడుతున్నాడు కదా అని. సెలవుల్లో రోజుకొక పేజీ కన్నడం రాయించి, ఊళ్లో ఉన్న ఏ కన్నడ పంతులుతోనో దిద్దిస్తే తిరిగి వచ్చే మార్కులు ఇవే. అలాగని ఇంట్లో తెలుగు మాట్లాడడం మానేయాలని కొందరు చెప్పే సలహా మాత్రం వినకండి. కన్నడం రాత తెలుగు మాటల వల్ల చెడదు. సాధన లేక చెడుతుంది.

నవోదయ కార్డులో ఏ1 అంటే

నవోదయ లెక్క పూర్తిగా వేరు. 1986 జాతీయ విద్యా విధానంతో విస్తరించిన ఈ బడులు సీబీఎస్‌ఈ కింద నడుస్తాయి. ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. సగం మార్కులు మానసిక సామర్థ్యానివి, పావు గణితం, పావు భాష. ఏటా 80 మంది వరకు తీసుకుంటారు. కనీసం మూడొంతులు గ్రామీణ పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. ఐదో తరగతి అదే జిల్లాలో చదువుతుండాలి. ఇంటి దగ్గరలో ఉందని మడకశిర వైపు బడిలో ఐదో తరగతి చదివించే కుటుంబాలు ఇది గమనించాలి. ఆ పిల్ల తుమకూరు జిల్లా నవోదయ పరీక్షకు పనికిరాదు.

సీబీఎస్‌ఈ పదో తరగతిలో మార్కుల పక్కన ఉండే గ్రేడు కర్ణాటక గ్రేడు వంటిది కాదు. కర్ణాటకలో 90 దాటిన ప్రతివాళ్లకూ ఏ ప్లస్ వస్తుంది, పదిమంది దాటినా పదివేలమంది దాటినా. సీబీఎస్‌ఈలో ఒక సబ్జెక్టులో పాసైన వాళ్లందరినీ మార్కుల వరుసలో నిలబెట్టి ఎనిమిది భాగాలు చేస్తారు. మొదటి భాగానికి ఏ1, రెండో భాగానికి ఏ2, తర్వాత బీ1, బీ2 అలా డీ2 వరకు. అందుకే ఒకే కార్డులో ఒక సబ్జెక్టులో 91కి ఏ1 ఉండి, ఇంకో సబ్జెక్టులో 92కి ఏ2 ఉండవచ్చు. అచ్చుతప్పు కాదు. అందరికీ ఎక్కువ మార్కులు వచ్చే సబ్జెక్టులో ఏ1 గీత పైకి పోతుంది. నవోదయ పిల్ల బీ1 తెచ్చింది, మొరార్జీ పిల్ల ఏ ప్లస్ తెచ్చింది అని ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టడం సేరుతో గజాన్ని కొలిచినట్టు. పోల్చాల్సివస్తే మార్కులు పోల్చండి, అదీ జాగ్రత్తగా.

సీబీఎస్‌ఈ ప్రథమ శ్రేణి, డిస్టింక్షన్ వంటివి ఇవ్వదు. మొత్తం శాతం కూడా బోర్డు లెక్కగట్టి చెప్పదు, చేరబోయే కాలేజీ లెక్కగట్టుకోవాలి. సబ్జెక్టువారీగా పైనున్న 0.1 శాతం మందికి మెరిట్ సర్టిఫికెట్టు ఇస్తుంది, అంతే. ఇంటర్నల్ అక్కడ కూడా 20, రాత 80, పాసు గీత 33 శాతం. 2026 నుంచి పదో తరగతికి రెండు పరీక్షలు.

నవోదయలో గౌరవాలు మార్కులకే పరిమితం కాదు. పిల్లలందరినీ అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌసులుగా పంచుతారు. ఆటలు, వక్తృత్వం, శుభ్రత, అన్నింటికీ హౌసుకు పాయింట్లు. హౌసు కెప్టెన్ అయ్యాడని పిల్ల ఫోన్లో చెబితే చదువు ఎలా ఉందని వెంటనే అడిగే తండ్రులున్నారు. అది కూడా చదువులో భాగమే అక్కడ. తొమ్మిదో తరగతిలో 30 శాతం మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నవోదయకు పంపి, అక్కడివాళ్లను ఇక్కడికి తెస్తారు. ఆ ఏడాది మార్కులు కాస్త తగ్గడం సహజం, ముందే తెలిసుంటే కంగారుండదు. ఇంకొక మార్పు: 2024 డిసెంబరు నుంచి కేంద్ర ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి తప్పినవాళ్లకు రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెడతారు, అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచుతారు. ఎనిమిది వరకు ఎలాగూ పాసే అన్న పాత ధీమా నవోదయలో ఇక పనిచేయదు.

మొదటి ఏడు పడిపోవడం

వసతి బడి ఏదైనా, ఆరో తరగతి మొదటి సగంలో చాలామంది పిల్లల మార్కులు తగ్గుతాయి. ఊరి బడిలో మొదటి స్థానంలో ఉన్న పిల్ల, ప్రతి ఊరి నుంచి మొదటివాళ్లే వచ్చిన తరగతిలో కూర్చుంటుంది. ఎనభైమందిలో ఎవరో ఒకరు ఎనభయ్యో స్థానంలో ఉండాలి కదా. దానికి తోడు మాధ్యమం కన్నడం నుంచి ఇంగ్లీషుకు మారుతుంది. ఇంటి మీద బెంగ సరేసరి. అక్టోబరు ఎస్‌ఏ-1 కార్డు చూసి పిల్లను వెనక్కి తెచ్చేయడం తొందరపాటు. ఫిబ్రవరి, మార్చి కార్డుతో పోల్చి చూడాలి. స్థానం కాదు, ఒకే సబ్జెక్టులో ఎఫ్‌ఏ-1 నుంచి ఎఫ్‌ఏ-4 దాకా గీత పైకి వెళ్తోందా లేదా అన్నదే చూడవలసింది.

చదువు వేళలు వసతి బడుల్లో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తెల్లవారుజామున లేచి వ్యాయామం, ఫలహారానికి ముందు కాసేపు చదువు, సాయంత్రం ఆటలయ్యాక పంతులు ఎదుట కూర్చుని చదువు. ఇళ్లలో ఇంత క్రమం కుదరదు, అది వసతి బడి ఇచ్చే అసలైన లాభం. అయితే కూర్చున్న గంటలు వేరు, చదివిన గంటలు వేరు. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు ఎంతసేపు చదివిస్తున్నారు అని అడగడం కంటే రాత్రి చదువులో సందేహం వస్తే ఎవరిని అడుగుతాడు అని అడగండి. గణితం, సైన్సు పంతుళ్లు ప్రాంగణంలోనే ఉంటారా, ఊరి నుంచి వచ్చిపోతారా అన్నది తేలిపోతుంది.

పదో తరగతిలో పూర్వసిద్ధతా పరీక్షలు అయ్యాక కొన్ని బడుల్లో వెనకబడిన పిల్లలను వేరు చేసి పాసింగ్ ప్యాకేజీ చేతిలో పెడతారు. తరచూ వచ్చే ప్రశ్నలు, పటాలు, బొమ్మలు, అవి నేర్చుకుంటే గట్టెక్కుతాడు. తప్పే పిల్లకు అది తాడు వంటిది, తప్పుపట్టనక్కర్లేదు. కానీ యాభై అరవై తెచ్చుకోగల పిల్లను కూడా బడి ఫలితం నూరు శాతం కావాలని ఆ గుంపులో వేస్తే, అక్కడితో ఆగిపోతాడు. మీ పిల్ల ఏ గుంపులో ఉందో జనవరిలోనే అడిగి తెలుసుకోండి.

సరిహద్దు దాటి చదివితే

ఒకప్పుడు హిందూపురం దగ్గర పరిగి మండలం కొడిగెనహళ్లి గురుకులం పేరు చెబితే మన తాలూకాలోనూ గౌరవంగా వినేవాళ్లు. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది, మరుసటి ఏడు రాయలసీమకు కొడిగెనహళ్లి, కోస్తాకు తాడికొండ వచ్చాయి. తెలుగు మాధ్యమంలో చదివి పదో తరగతిలో రాష్ట్ర ర్యాంకులు తెచ్చిన బడులవి. ఆ ర్యాంకుల కాలం పోయి గ్రేడులు వచ్చాయి, 2022 ఫలితాల నుంచి ఆంధ్రలో మళ్లీ మార్కులు ఇస్తున్నారు. ప్రభుత్వ గురుకులాల సీట్లు అక్కడి పిల్లలకే కాబట్టి మనవాళ్లు వెళ్లేది ప్రైవేటు హాస్టళ్లకు. అక్కడ పదో తరగతి 600 మార్కులు. అక్కడి 540 అంటే 90 శాతం, ఇక్కడి 540 అంటే 86.4 శాతం. పీయూసీలో చేరేటప్పుడు శాతంలోకి మార్చి చూపాలి.

అసలు జాగ్రత్త పడవలసింది మార్కుల దగ్గర కాదు. కర్ణాటకలో ఇంజనీరింగు వంటి ప్రభుత్వ సీట్లకు సీఈటీ ద్వారా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది అర్హత పొందే నియమం ఇది: ఒకటి నుంచి ద్వితీయ పీయూసీ వరకు కనీసం 7 ఏళ్లు కర్ణాటక బడుల్లో చదివి ఉండాలి, ఎస్సెస్సెల్సీ గానీ ద్వితీయ పీయూసీ గానీ ఇక్కడ పాసై ఉండాలి. ఐదు వరకు ఇక్కడ చదివి, ఆరు నుంచి పది అక్కడ చదివి, పీయూసీకి తిరిగి వస్తే 5, 2 కలిపి సరిగ్గా ఏడు. అక్కడే ఇంటర్ కూడా చేస్తే ఐదే. పొరుగు రాష్ట్రంలో చదివిన గడినాడు కన్నడిగులకు వేరే వెసులుబాటు ఉంది కదా అంటారు కొందరు. దానికి మాతృభాష కన్నడమో తుళువో కొడవో అయి ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పావగడ పిల్లకు ఆ తలుపు తెరుచుకోదు.

ఇలాంటివే మరో రెండున్నాయి. గ్రామీణ కోటా 15 శాతానికి ఒకటి నుంచి పది వరకు పదేళ్లూ కర్ణాటక గ్రామీణ ప్రాంతంలో చదివి ఉండాలి. కన్నడ మాధ్యమ కోటా 5 శాతానికి పదేళ్లూ కన్నడ మాధ్యమం కావాలి. ఊళ్లో ఐదు దాకా కన్నడ మాధ్యమంలో చదివిన పిల్ల ఇంగ్లీషు మాధ్యమ వసతి శాలకు వెళితే రెండోది పోతుంది. ఆ బడి పట్టణ పరిధిలో ఉంటే మొదటిదీ పోతుంది. వసతి శాలలో వచ్చే చదువు ఈ నష్టానికి మించినదే కావచ్చు, చాలాసార్లు మించినదే. కానీ ఆరో తరగతిలో తీసుకున్న నిర్ణయానికి పన్నెండో తరగతిలో లెక్క వస్తుందని తెలిసి తీసుకోవాలి.

ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతనం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి ఎంపికైనవాళ్లకు తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఇంటి వార్షిక ఆదాయం మూడున్నర లక్షలు మించకూడదు. ఇది ఊరి ప్రభుత్వ, అనుదానిత బడుల్లో ఇంటి నుంచి వెళ్లి చదివే పిల్లలకు. నవోదయ పిల్లలకు, భోజనం వసతి ఇచ్చే ప్రభుత్వ వసతి శాలల పిల్లలకు వర్తించదు. ఒకే ఇంట్లో అక్క వసతి శాలలో, తమ్ముడు ఊరి బడిలో ఉంటే, ఇద్దరిలో ఈ పరీక్షకు కూర్చోబెట్టవలసింది తమ్ముడిని.

మార్కుల కార్డులో పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరాలు ఆధార్‌తో సరిపోతున్నాయా అన్నది తొమ్మిదో తరగతిలోనే చూసుకోండి. తెలుగు ఇంటిపేర్లు కన్నడంలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి మారేటప్పుడు ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా పడతాయి. బోర్డుకు వివరాలు పంపకముందైతే బడి ప్రధానోపాధ్యాయుడి దగ్గరే సరిదిద్దుకోవచ్చు. కార్డు అచ్చయ్యాక అర్జీలు పట్టుకుని బెంగళూరు దాకా తిరగాలి.